"నువ్వే"లో ఆ 'ఏ'

బీరువా తాళంచెవి దొరికింది. నా హ్యాండ్‌బ్యాగులోనే, లోపలి జిప్పు అరలో, పాత రసీదుల కింద. ఈయనకింకా చెప్పలేదు.

పొద్దున "నువ్వే ఎక్కడో పెట్టుంటావ్" అన్నారు, షర్టు గుండీలు పెట్టుకుంటూ, మొహమైనా ఇటు తిప్పకుండా. నాకు మండింది ఆ 'ఏ'కి. నువ్వు అంటే సరిపోదూ? చివర అదొకటి తగిలించాక ఇంక విచారణే లేదు, తీర్పే. వద్దన్న పండు తిన్నావా అని దేవుడడిగితే బైబిల్లో ఆదామూ అంతేగా. "నీవు నాకిచ్చిన ఈ స్త్రీయే" అన్నాడు. ఒక్క ముక్కలో భార్యనీ, ఆమెనిచ్చిన దేవుణ్నీ కలిపి బోనెక్కించాడు. నోరు తెరిచి తిన్నదెవరో మరి!

మధ్యాహ్నమంతా ఆ రైలు రాత్రే గుర్తొచ్చింది. మీకు తెలిసిన కథే. పెళ్ళైన కొత్తలో రైలు తప్పిపోయి తెల్లవార్లూ ప్లాట్‌ఫాం బెంచీ మీద కూర్చున్నాం, మధ్యలో సూట్‌కేసు గోడలా పెట్టుకుని. ఈయన తెమలకపోవడం వల్లే అని ఇప్పటికెన్నిసార్లు రాశానో. గ్యాస్ కట్టానో లేదోనని నేను దారిలోంచి వెనక్కి వెళ్ళిన సంగతి మాత్రం రాయలేదు. రెండుసార్లు వెళ్ళాను. తెల్లారుజామున చలేస్తుంటే ఈయన మాట్లాడకుండా నా మీద తువ్వాలు కప్పి అటు తిరిగి కూర్చున్నారు. సరే, తప్పొప్పుకున్నట్టే అని దాన్నీ నా ఖాతాలోనే జమ వేసుకున్నాను.

ప్రేమ "అపకారమును మనస్సులో ఉంచుకొనదు" అని పౌలు కొరింథీయులకు ఉత్తరంలో రాసినచోట, గ్రీకులో ఉన్నది పద్దు రాసుకునే మాటేనట. నాకైతే ఆ రైలు టైము కూడా గుర్తుంది.

నిజానికి ఆదాము కంటే అబ్రాము భార్య శారయి నాకు దగ్గర చుట్టం. పిల్లలు లేరని తన దాసి హాగరును మొగుడికిచ్చింది తనే. తీరా హాగరు గర్భవతై తనని చిన్నచూపు చూసేసరికి "నా ఉసురు నీకు తగులును" అని మొగుడి మీద పడింది. "నేనే నా దాసిని" ఇచ్చానని ఆ నోటితోనే అంటుంది కూడా. నేనే ఇచ్చాను, పాపం నీదే! ఇంతకాలం చదువుతూ ఆ 'నేనే' దగ్గర ఎప్పుడూ ఆగలేదు.

అలాగని అన్నీ నా తప్పులేనని నెత్తినేసుకోవడం నావల్ల కాదు. దూలము, నలుసు వాక్యం ఎత్తితే చాలు, భార్యలు నోరు మూసుకోవాలన్నట్టు మాట్లాడతారు కొందరు. నలుసుని వదిలేయమని ఎక్కడుంది? ముందు నీ కంట్లో దూలం తీసుకో, అప్పుడు అవతలివాళ్ళ కంట్లో నలుసు తీయడానికి తేటగా కనబడుతుంది అనే కదా ఉన్నది. కాబట్టి ఆ "నువ్వే" గురించి అడుగుతాను. అడిగే తీరతాను. కాకపోతే తాళంచెవి సంగతి చెప్పాక. అది చెప్పాక అడిగే మొహం ఉంటుందా అన్నది వేరే సంగతి.

సూర్యుడస్తమించేలోపు కోపం పోవాలి అన్నాడు పౌలు. అస్తమించి అయిదు గంటలైంది. ఈయన గురక పెడుతున్నారు.

ఇందాక తాళంచెవి తీసుకెళ్ళి ఆయన కళ్ళద్దాల పక్కన పెట్టొచ్చాను. పొద్దున చూసి తనే అక్కడ పెట్టి మర్చిపోయాననుకుంటారు. అంతకంటే ఏం కావాలి అనిపించింది ఒక్క క్షణం. మళ్ళీ వెళ్ళి తెచ్చుకున్నాను. ఇదిగో, గుప్పిట్లోనే ఉంది.