అందరికీ ఒకే భాష ఉన్నంత మాత్రాన

భాషాభేదమే మనుషుల మధ్య వైరానికి మూలమని, అందరూ తేలికగా నేర్చుకోగలిగే ఒక భాషను తయారుచేసి ఇస్తే ఆ వైరం చాలావరకు తగ్గుతుందని నమ్మినవారిలో నాకు అత్యంత గౌరవనీయుడు లుడ్విక్ జామెన్‌హాఫ్. అప్పటి రష్యా సామ్రాజ్యంలోని బియాలిస్టోక్‌లో 1859లో పుట్టిన ఈ యూదు వైద్యుడు, తన ఊళ్లో పోలిష్, రష్యన్, జర్మన్, యిడ్డిష్ మాట్లాడేవారు ఒకరినొకరు అనుమానంతో చూసుకోవడం చిన్ననాడే గమనించి, 1887లో ఎస్పెరాంటోను లోకానికి అందించాడు. పదహారు వ్యాకరణ సూత్రాలతో, మినహాయింపులు లేని క్రియారూపాలతో ఉన్న ఆ భాష నేర్చుకునేవారి శ్రమను నిజంగానే ఎంతో తగ్గించింది.

అయితే మాట తెలియడం వేరు, మనసు కలవడం వేరు. ఎస్పెరాంటో కంటే కొద్దికాలం ముందే పుట్టిన వోలాప్యూక్ చరిత్ర చదివినప్పుడల్లా నాకు ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. జర్మనీకి చెందిన కాథలిక్ మతగురువు యోహాన్ మార్టిన్ ష్లేయర్ రూపొందించిన ఆ భాషకు పదేళ్లు తిరగకముందే ఎన్నో సంఘాలు, పత్రికలు ఏర్పడ్డాయి. 1889లో పారిస్‌లో జరిగిన మూడవ మహాసభ పూర్తిగా ఆ భాషలోనే నడిచింది. సార్వత్రిక భాష సాధించవలసిన లక్ష్యం ఆ సభలో నెరవేరినట్టే కదా! కానీ భాషలో మార్పులు చేసే అధికారం సృష్టికర్తదా, ఆ భాష బాగోగులు చూసేందుకు ఏర్పడిన అకాడమీదా అన్న వివాదంలో ష్లేయర్‌కూ, అకాడమీకి నాయకత్వం వహించిన కెర్క్‌హాఫ్స్‌కూ రాజీ కుదరలేదు. ఎదుటివారి మాట అర్థంకాక వచ్చిన తగవు కాదది. ఉద్యమం చీలిపోయింది, భాష క్షీణించింది. జామెన్‌హాఫ్ 1905లో ఎస్పెరాంటోపై తన హక్కులన్నీ వదులుకుని, మూల నియమాలను ఎవరూ మార్చకూడదని ప్రతిపాదించినా, రెండేళ్లకే ఇడో పేరుతో మరో శాఖ పుట్టింది.

అంతమాత్రాన ఆ ప్రయత్నాలు వ్యర్థమని నేను అనను. అంతర్జాతీయ వేదికపై ఒక బలమైన దేశపు భాష చెలామణి అయినప్పుడు, ఆ దేశంవారు అమ్మ ఒడిలో నేర్చిన మాటలతో వాదిస్తారు, మిగిలినవారు ఏళ్ల తరబడి కష్టపడి కూడా తడబడుతూ నిలబడతారు. కల్పిత భాష దాదాపు ఎవరికీ పుట్టుకతో రాదు కాబట్టి అక్కడ అందరూ నేర్చుకున్నవారే. నా దృష్టిలో దాని అసలు విలువ ఈ న్యాయమే. 1920ల తొలినాళ్లలో నానాజాతి సమితిలో ఎస్పెరాంటో బోధన గురించి చర్చ వచ్చినప్పుడు ఫ్రాన్స్ దానిని గట్టిగా ఎదిరించింది. తమ భాషకున్న ప్రాబల్యాన్ని వదులుకోవడానికి పెద్ద దేశాలు ఇష్టపడకపోవడం నేటికీ మారలేదు.

కల్పిత భాష నిజంగా ఒక సమస్యను తీర్చిన సందర్భం మరొకచోట ఉంది. నాజీల నిర్బంధ శిబిరాల నుంచి బయటపడిన చార్లెస్ బ్లిస్, మాటలతో జనాన్ని మోసగించే అవకాశం తగ్గాలన్న తలంపుతో ఒక చిత్రలిపిని రూపొందించి 1949లో ప్రచురించాడు. దేశాలు దానిని పట్టించుకోలేదు. 1971లో కెనడాలోని టొరంటోలో, సెరిబ్రల్ పాల్సీ వల్ల మాట్లాడలేని పిల్లలకు ఉపాధ్యాయులు ఆ గుర్తులను నేర్పారు. చెప్పాలన్న కోరిక, వినాలన్న ఆసక్తి అక్కడ ముందే ఉన్నాయి. లేనిది సాధనం ఒక్కటే. పలకపై ఉన్న గుర్తులను చూపిస్తూ ఆ పిల్లలు తమకేం కావాలో, తామేం అనుకుంటున్నారో చెప్పగలిగారు.