గంపతో తాతయ్య

"ఈయన మొహమే కనబడట్లేదు నాన్నా. నేను పెట్టను."

స్కూల్లో వంశవృక్షం గీసుకురమ్మన్నారని మా అమ్మాయి పాత ఫొటోలన్నీ నేలమీద పరుచుకుంది. నేను అపురూపంగా తీసిచ్చిన ఫొటోని అరనిమిషంలో పక్కన పడేసింది.

అది నాగార్జునకొండ తవ్వకాలప్పటిది. 1955 డిసెంబరులో సాగర్ ఆనకట్టకి నెహ్రూ శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోయేలోపు దొరికింది దక్కించుకోవాలని 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో తవ్వకాలు సాగాయి. ఫొటోలో మెట్లు మెట్లుగా ఉన్న రంగస్థలం, దాని ముందు నెత్తిన మట్టి గంపతో మా తాతయ్య. గంప నీడ సరిగ్గా మొహం మీదే పడింది. తీసినాయనకి కావలసింది మెట్లే కదా. అవి ఎంత ఎత్తున్నాయో తెలియడానికి ఎవరో ఒక కూలీని నిలబడమని ఉంటారు.

ఇంతకాలం నేను ఈ ఫొటోని ఇంకోలా వాడుకున్నాను. "పదిహేడు వందల ఏళ్ళ కిందట మనవాళ్ళు, ఇక్ష్వాకులు, విజయపురి రాజధానిగా ఏలారు" అని చెప్పేవాణ్ణి. మనం రాజులమని ఎప్పుడూ అనలేదు. కాదని కూడా అనలేదు. మేముండే ఈ పరాయి దేశంలో పిల్లలు సెలవులకి కోటలు చూసొచ్చి చెబుతుంటే, నా కూతురు చెప్పుకోడానికీ ఒకటుండాలని నా తాపత్రయం.

"వాళ్ళు రాజులైతే తాతయ్య మట్టెందుకు మోశాడు?"

చిన్నప్పుడు అడగాల్సిన ప్రశ్న నాకెందుకు తట్టలేదో! జవాబు దొరక్క ఉపన్యాసం మొదలుపెట్టాను. అక్కడి పెద్ద బౌద్ధ స్తూపం మహాచైత్యానికి దానాలిచ్చినవాళ్ళలో ముఖ్యురాలు ఇక్ష్వాకు రాజు శాంతమూలుడి సోదరి శాంతిశ్రీ అనీ, ఆ ఇంటి ఆడవాళ్ళ పేర్లు రాతిమీద ఇంకా ఉన్నాయనీ, రాజులు సైతం వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు, మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు అంటూ తల్లి గోత్రంతో చెప్పుకునేవాళ్ళనీ. అది దానికి నచ్చింది. పెన్సిల్ పట్టుకుని, "అయితే తాతయ్య వాళ్ళమ్మ పేరు చెప్పు" అంది.

నాకు తెలీదు.

బాబాయికి ఫోన్ చేస్తే ఒక పేరు చెప్పాడు. మేనత్త కాదు కాదంటూ ఇంకో పేరు చెప్పింది. ఇద్దరూ తమదే కరెక్టన్నారు. తాతయ్య వాళ్ళమ్మ కాపురం చేసిన ఇల్లు సాగర్ నీళ్ళ కింద ఉంది. అడుగుదామంటే ఆ తరంవాళ్ళెవరూ మిగల్లేదు.

నా వరస కూడా చెప్పాలి. పిల్లలకి మూలాలు తెలియాలని ప్రతి పార్టీలో దంచుతాను. ఇండియా వెళ్ళినప్పుడు మాత్రం పెళ్ళిళ్ళు, షాపింగ్, డెంటిస్టు. ఆ రంగస్థలాన్ని విప్పి సాగర్ ఒడ్డున అనుపు అనే చోట మళ్ళీ పేర్చారు. లాంచీ ఎక్కితే కొండమీద మ్యూజియం. అవన్నీ నాకు తెలుసు, ఫొటోల్లోనే. క్రితంసారి "ఎండలో నేను రాను" అని అది మొండికేస్తే పైకి కోప్పడ్డాను గానీ, అంత దూరం డ్రైవ్ తప్పిందని లోపల హాయిగానే ఉంది. తప్పు దాని ఖాతాలో పడింది కూడా!

కాబట్టి తోటి తల్లిదండ్రులకి నేను చెప్పేదేమంటే, పెద్దవాళ్ళు ఉండగానే ఫొటోల వెనక పేర్లు రాయించుకోండి. ఆడవాళ్ళ పేర్లు ముందు. రాయించుకుంటే ఏమవుతుందంటే... నిజానికి నాకూ తెలీదు. ముత్తవ్వ పేరు దొరికితే నా కూతురు మరింత తెలుగుపిల్ల అయిపోతుందా? రేపు మార్కులు పడగానే ఆ చార్టు బేస్‌మెంట్‌లోకి పోతుంది. ఆ పేరు కావలసింది దానికా, నాకా? కూలి మనిషి మనవణ్ణని చెప్పుకోడానికి సిగ్గుపడి రాజుల్ని అడ్డం పెట్టుకున్నవాడికి ఇప్పుడు హఠాత్తుగా ముత్తవ్వ మీద ఇంత ప్రేమెందుకో.

చార్టు సోమవారం ఇచ్చేసింది. మా అత్తగారు వాళ్ళ పెద్దల పేర్లన్నీ ఒక నోటుబుక్కులో రాసి ఉంచారట. దాంతో మా ఆవిడ వైపు కొమ్మలన్నీ నిండిపోయాయి. నా వైపు ముత్తవ్వ గడిలో రెండు పేర్లు, పక్కన ప్రశ్నార్థకం. ఒకటి కొట్టేయమంటే, "ఊహించి రాయొద్దని టీచర్ చెప్పింది" అని ఒప్పుకోలేదు. చూడ్డానికి బాగాలేదని నేనింకా సణుగుతూనే ఉన్నాను.