విశాఖలో ఒక సెస్నా ఇంజిన్ ఆయిల్ లీకు: నా అనుభవం

తీరప్రాంత సర్వే కోసం విశాఖపట్నం వచ్చిన ఒక సెస్నా 172ఎస్ విమానం అడుగుభాగమంతా నల్లటి ఆయిల్ చారలు కడుతున్నాయనీ, డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం మునుపటికంటే త్వరగా పడిపోతోందనీ దాని పైలట్ గారు విమానాల మరమ్మతు ఇంజినీరునైన నాకు ఫోన్ చేసి చెప్పారు. ఆ విమానంలో ఉన్నది లైకమింగ్ ఐఓ-360-ఎల్2ఏ ఇంజిన్. నాలుగు సిలిండర్లు, 180 హార్స్‌పవర్, గాలితో చల్లబడే రకం. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్‌లో 8 క్వార్టుల ఆయిల్, అంటే సుమారు ఏడున్నర లీటర్లు పడుతుంది. 5 క్వార్టులకంటే తక్కువ ఉంటే నడపకూడదని విమానం హ్యాండ్‌బుక్ చెబుతుంది. సముద్రం మీద ఒకే ఇంజిన్‌తో ఎగిరే విమానంలో ఆయిల్ ఎటు పోతోందో తేల్చకుండా లాగ్‌బుక్‌లో సంతకం పెట్టడానికి నాకు చెయ్యి రాదు.

విశాఖ విమానాశ్రయం ఐఎన్ఎస్ డేగా నౌకాదళ స్థావరంలో ఉంది కనుక సామాను లోపలికి తీసుకువెళ్లడానికీ, ఇంజిన్ నడిపి చూడడానికీ ముందే అనుమతులు తీసుకోవాలి. అందుచేత ఏ పని తరువాత ఏ పని చేయాలో ముందుగానే కాగితం మీద రాసుకుని వెళ్లాను.

ఇంజిన్ ముందు భాగంలో, ప్రొపెల్లర్‌ను తిప్పే ఇరుసు (క్రాంక్‌షాఫ్ట్) చుట్టూ ఉండే ఆయిల్ సీల్ పోయి ఉంటుందని అక్కడున్నవారి అనుమానం. ప్రొపెల్లర్ విప్పవలసిన పెద్ద పని అది. కానీ ఆ సీల్ నుంచి ఆయిల్ కారితే ప్రొపెల్లర్ గాలికి అది వెనక్కి చిమ్మి, ఇంజిన్‌ను కప్పి ఉంచే రేకు తొడుగు (కౌలింగ్) ముందు భాగానికీ, చాలాసార్లు అద్దానికీ అంటుకుంటుంది. ఈ విమానం అద్దం శుభ్రంగా ఉంది, ముందరి సిలిండర్ల ముఖాలు పొడిగా ఉన్నాయి. కాబట్టి ఆ సీల్ జోలికి వెళ్లలేదు.

తరువాత బ్రీదర్ గొట్టం చూశాను. పిస్టన్ రింగులను దాటి క్రాంక్‌కేసులోకి, అంటే క్రాంక్‌షాఫ్ట్ తిరిగే పెట్టెలోకి, చేరే వాయువులు ఈ గొట్టం గుండానే బయటికి పోతాయి, పోతూ కొంత ఆయిల్ తుంపరను కూడా మోసుకుపోతాయి. గొట్టం మూసుకుపోతే లోపలి ఒత్తిడి పెరిగి బాగున్న సీళ్లను కూడా బయటికి నెట్టేస్తుంది. ఇక్కడ గొట్టం తెరిచే ఉంది. అయితే ప్రతి ఉదయం ఆయిల్‌ను 8 క్వార్టుల గీత వరకు నింపుతున్నారని మాటల్లో తెలిసింది. ఈ ఇంజిన్లు పై మట్టం వరకు నింపిన ఆయిల్‌లో కొంత భాగాన్ని బ్రీదర్ గుండా త్వరగా బయటికి పంపేస్తాయి. చిన్న ప్రయాణాలకు 7 దాటకుండా నింపండని పైలట్ గారిని కోరాను. అడుగుభాగం మీద చారలు బాగా తగ్గాయి కాని, కుడివైపు కింది కౌలింగ్ లోపల తడి మాత్రం అలాగే మిగిలింది. ఎగ్జాస్ట్ మీద పడి కాలిన ఆయిల్ వాసన కూడా పోలేదు.

ఇక అసలు లీకును వెతకడానికి ఇంజిన్‌ను కడగక తప్పలేదు. ఆయిల్ పట్టిన ఇంజిన్ మీద లీకు వెతకడం వృథా ప్రయాస, ఎందుకంటే ఎగురుతున్నప్పుడు గాలి సిలిండర్ల పైనుంచి, వాటిని చల్లబరిచే పలుచని లోహపు రెక్కల (ఫిన్‌ల) సందుల్లోంచి కిందికీ వెనక్కీ ప్రవహిస్తూ ఒక్క చుక్కను కూడా పుట్టినచోట ఉండనివ్వదు. పెంకుటింట్లో చినుకు పడేచోటికి నేరుగా పైన పగిలిన పెంకు ఉండనట్టే, ఆయిల్ కనిపించే చోటికీ కారే చోటికీ మధ్య దూరం ఉంటుంది. మాగ్నెటోలు, ఆల్టర్నేటర్, వాక్యూమ్ పంపులు, గాలి ఫిల్టరు వీటన్నిటికీ పాలిథీన్ కట్టి, ఇంజిన్ చల్లబడ్డాక సాల్వెంట్‌తో కడిగి, ఆరబెట్టాము. సముద్రపు గాలికి క్లాంపుల మీద తుప్పు కనిపించింది; దాన్ని కూడా నోట్ చేసుకున్నాను.

ఆరిన లోహం మీద, పగుళ్ల పరీక్షలో వాడే తెల్లటి డెవలపర్ పొడిని పలుచగా స్ప్రే చేశాము. ఈ పొడి మీద ఆయిల్ చుక్క పడితే ముదురు మరకగా వెంటనే తెలుస్తుంది. టవరు అనుమతితో ఇంజిన్ నడిపాము. కౌలింగ్ లేనప్పుడు సిలిండర్ల మీదుగా చల్లగాలి సరిగా పోదు కనుక, హెడ్ ఉష్ణోగ్రత సూచిక మీద చూపు తిప్పకుండా కొద్ది నిమిషాలే నడిపి ఆపేశాము. తాళం బయటికి తీశాకే టార్చి, చిన్న అద్దం పట్టుకుని దగ్గరికి వెళ్లాను.

కుడివైపు వెనుక ఉన్న మూడవ సిలిండర్ పైభాగంలో, వాల్వులను తెరిచే కడ్డీ (పుష్‌రాడ్) ఉండే గొట్టం క్రాంక్‌కేసులోకి దిగే చోట మరక ఉంది. ఆ గొట్టం కొనకు ఉండే రబ్బరు సీల్ కారుతోందన్నమాట. ఈ ఇంజిన్‌లో పుష్‌రాడ్లను కదిలించే క్యామ్‌షాఫ్ట్ క్రాంక్‌షాఫ్ట్‌కు పైన ఉంటుంది కాబట్టి పుష్‌రాడ్ గొట్టాలు సిలిండర్ల పైనుంచే వెళతాయి. అక్కడ కారిన ఆయిల్ గాలికి సిలిండర్ ఫిన్‌ల గుండా కిందికి దిగి ఎగ్జాస్ట్ మీద పడుతోంది. కింద తడి, కాలిన వాసన, రెండింటికీ కారణం పైనే దొరికింది.

"ఈ రబ్బరు సీల్ ఆటోనగర్‌లో దొరకదాండీ, ఇంజినీరు గారూ?" అని పైలట్ గారు అడిగారు. గాజువాక ఆటోనగర్‌లో అదే కొలత రబ్బరు దొరకవచ్చు. కానీ విమానానికి వేసే భాగం వెంట సీఏ ఫారం 1 అనే విడుదల పత్రం గాని, దానికి సమానమైన ఆమోదిత పత్రం గాని ఉండాలి. ఆ వేడిని, ఆ ఆయిల్‌ను ఆ రబ్బరు తట్టుకుంటుందని చెప్పేది ఆ కాగితమే. సీళ్లు వచ్చేదాకా విమానం ఎగరలేదు. పైలట్ గారు ఆలస్యాన్ని ఓర్చుకున్నందుకు ఆయనకు కృతజ్ఞుడిని.

సీల్ మార్చాలంటే రాకర్ కవర్ తీసి, వాల్వులను నొక్కే రాకర్లను పక్కకు జరిపి, పుష్‌రాడ్‌ను బయటికి తీసి, లాక్‌ప్లేటు, స్ప్రింగు విప్పాకే గొట్టం వెలుపలికి వస్తుంది. పాత సీల్ గోరుతో నొక్కినా దిగనంతగా గట్టిపడి ఉంది. రెండు కొనలకూ కొత్తవి వేసి, ఏ స్థానంలోని పుష్‌రాడ్‌ను ఆ స్థానంలోనే తిరిగి పెట్టి, పుష్‌రాడ్‌ను నెట్టే లిఫ్టరులోని ఆయిల్ పిండేసి వాల్వు సందు కొలిచాము. అది 0.028 నుంచి 0.080 అంగుళాల మధ్య ఉండాలి, ఉంది. అదే సిలిండర్ కింద ఆయిల్ తిరిగి సంప్‌కు చేరే సన్నని గొట్టానికి ఉన్న రబ్బరు హోస్ కూడా ఎగ్జాస్ట్ వేడికి బిగిసి పగుళ్లు చూపింది. దాన్ని, తుప్పు పట్టిన క్లాంపులను మార్చేశాము.

మళ్లీ కడిగి, పొడి కొట్టి, నేల మీద నడిపి, ఆ తరువాత కౌలింగ్ బిగించి ఎగిరి వచ్చాక చూస్తే కుడివైపు పొడిగా ఉంది. క్రాంక్‌కేసు రెండు సగాలు కలిసే అతుకు దగ్గర మాత్రం వేలికి అంటేంత చెమ్మ మిగిలింది. దాన్ని ముట్టుకోవద్దని నిర్ణయించాను. అక్కడి పొడవాటి బోల్టుల బిగింపే మెయిన్ బేరింగులను పట్టి ఉంచుతుంది. చుక్కగా కూడా మారని చెమ్మ కోసం ఆ బిగింపును కదిలించడం ఎక్కువ ప్రమాదం. ఆ అతుకు పక్కన తేదీతో గుర్తు పెట్టి, ఫొటో తీసి, చేసిన పనులతో పాటు దీన్ని కూడా లాగ్‌బుక్‌లో రాశాను. 50 గంటలకు ఆయిల్, ఫిల్టరు మార్చేటప్పుడు ఆ గుర్తు దాటి చెమ్మ పాకిందా లేదా చూడమనీ, అంతవరకు ప్రతిసారీ పోసిన ఆయిల్ లెక్క రాసి ఉంచమనీ పైలట్ గారికి చెప్పి, విమానాన్ని విడుదల చేస్తూ సంతకం పెట్టాను.