పుర్రచేతి క్యూసు

జపాన్‌లో, నగోయాలో మూడు రోజులున్నాం. కోట సంగతి ఎవరైనా రాస్తారు. నాకు చెప్పాలనున్నది టొకొనమెలో నా కడుపు మండిన సంగతి.

ఎయిర్‌పోర్టుకి వెళ్లే మెయితెట్సు లైన్లోనే, రెండు స్టేషన్ల ముందు దిగాలి. 12వ శతాబ్దం నుంచీ కుమ్మరుల ఊరు. దొకన్‌జాకా అనే సందులో గోడలు కూడా వాళ్ల సరుకే: ఒకవైపు పాత మట్టి గొట్టాలు, ఇంకోవైపు సారా జాడీలు. ఎండలో ఆ ఎగుడు ఎక్కి, 1887లో కట్టిన ఆవం, దాని పది పొగగొట్టాలు చూసి, ఓ కొట్లో కూలబడ్డాం.

అక్కడే ఎర్రమట్టి క్యూసు, అంటే వాళ్ల టీ కూజా. మెరుగు పూత లేదు, మట్టిలోని ఇనుమే ఆ రంగు. పిడి వెనకాల కాదు, కొమ్ముకి అడ్డంగా పక్కన. ధర పద్నాలుగు వేల యెన్! మా ఆయన నా వంక చూశాడు. కొట్టు పెద్దాయన మూత తిప్పి చూపించాడు, గాలి కూడా దూరనట్టు ఉంది. మూత బెజ్జం మీద వేలు పెడితే ధార ఠక్కున ఆగింది. సరే, ఇంత పనితనానికి ఇవ్వచ్చనుకుని చేతిలోకి తీసుకున్నా.

ఎడమ చేతిలోకి. కొమ్ము అవతలికి తిరిగింది. మణికట్టు మెలిపెడితే తప్ప చుక్క రాదు. చిన్నప్పుడు పుర్రచేత్తో అన్నం పెట్టుకుంటే నాయనమ్మ గరిటె కాడతో వేళ్ల మీద కొట్టేది. సముద్రాలు దాటొచ్చినా అదే గరిటె దెబ్బ!

పెద్దాయన నవ్వలేదు. లోపలికెళ్లి ఇంకోటి తెచ్చాడు, పిడి అటుపక్క. ధర మరో రెండు వేలు ఎక్కువ. పుర్రచేతి పన్ను కాబోలు. బేరమాడాలని నోటిదాకా వచ్చింది, ఆయన అప్పటికే టీ పెడుతున్నాడు. మరిగిన నీళ్లు ముందు కప్పుల్లో పోసి చల్లార్చాడు, సెంచాకి, అంటే వాళ్ల గ్రీన్ టీకి, డెబ్బై డిగ్రీలు చాలట. మనం గిన్నెలో టీపొడిని ఉడికించి చంపేది చూస్తే ఏమంటాడో. తర్వాత రెండు కప్పుల్లోకీ మార్చి మార్చి కొంచెం కొంచెంగా వంచాడు, ఆఖరి చుక్క దాకా. ఆకుపచ్చగా, పెసరకట్టులా చిక్కటి వాసన. పాలూ పంచదారా గుర్తు రాలేదు.

కొన్నాను. సబ్బు తగలకూడదన్నాడు, తగలనివ్వడం లేదు. మా ఆయన పట్టుకుంటే మాత్రం టీ బల్ల మీద పడుతోంది. నువ్వే పొయ్యి అంటాడు. పోస్తున్నాను.