మా గేదె మళ్లీ చూడి కట్టే వరకు: నా అనుభవం

ఈనిన గేదె మూడు నెలలకల్లా మళ్లీ చూడి కడితే ఈతకూ ఈతకూ మధ్య ఎడం 13, 14 నెలలకు మించదు. గేదె చూడి కాలమే సుమారు 310 రోజులు కనుక, ఆపై ఒక్క ఎద దాటిపోయినా 21 రోజుల మేపు ఖర్చు రైతు మీద అదనంగా పడుతుంది. కృష్ణా డెల్టాలోని మా ఇంట్లో గ్రేడెడ్ ముర్రా (నాటు గేదెను ముర్రా జాతితో మేలుపరచగా వచ్చిన) గేదె రెండో ఈత ఈనిన తర్వాత నెలలు గడిచినా ఎదకు రాలేదు, పాలు మాత్రం పూటపూటకూ తగ్గసాగాయి. ఇలాంటి గేదెలను గొడ్డుపోయాయని తెగనమ్ముకునే పాడి రైతులను చూస్తే నాకు చాలా బాధ కలుగుతుంది. అందుకే మేము ఏయే దశలు దాటామో వివరంగా రాస్తున్నాను.

మా మండల కేంద్రంలో దాణా, పశువుల మందులు అమ్మే కొట్టు ముందు ఒక నల్లబల్ల ఉంటుంది. గాలికుంటు టీకాలు ఏ ఊళ్లో ఎప్పుడు వేస్తారో, గొర్రెలకు నట్టల మందు ఎప్పుడు తాగిస్తారో పశువైద్యశాలలో కనుక్కుని, కొట్టు యజమాని దాని మీద సుద్దముక్కతో రాసిపెడతారు. గేదెను ఎదకు తెచ్చే ఇంజెక్షన్ ఉందని ఇరుగుపొరుగు చెప్పగా ఆయనను అడిగాను. "డాక్టరు గారి చీటీ లేనిదే అది ఇవ్వనమ్మా, ఒకవేళ చూడితో ఉంటే ఈసుకుపోతుంది, కడుపు నిలవదు" అని ఆయన స్పష్టంగా చెప్పి, ఆ వారంలోనే జరగబోయే గర్భకోశ వ్యాధుల చికిత్సా శిబిరం వివరాలు బల్ల మీద చూపించారు. అమ్మకం పోతుందని తెలిసి కూడా మందు ఇవ్వని అటువంటి వ్యాపారి దగ్గర్లో ఉండటం పాడి రైతుకు పెద్ద అండ అని నా నమ్మకం.

శిబిరంలో డాక్టరు గారు మోచేయి దాటే గ్లవుజు తొడుక్కుని పరీక్షించి, గర్భకోశంలో చీము గాని వాపు గాని లేదనీ, అండాశయాలు మాత్రం చిన్నవిగా, నున్నగా, పని చేయని స్థితిలో ఉన్నాయనీ చెప్పారు. ఆ స్థితిలో ఇంజెక్షన్ వల్ల ఫలితం ఉండదని, ముందుగా మేపు గురించి అడిగారు. మా ప్రాంతంలో చాలామంది లాగే మేమూ ఏడాదిలో ఎక్కువ భాగం వరిగడ్డి, తవుడు మీదే మేపుతాము. వరిగడ్డిలో మాంసకృత్తులు బాగా తక్కువ, పైగా అందులోని ఆక్సలేట్లు కాల్షియంను పశువు ఒంటికి పట్టనివ్వవు. పేడ పరీక్షలో కార్జపు జలగల గుడ్లు కూడా కనిపించాయి. కాలువ గట్ల మీద, మురుగు నీటి పక్కన మేసే పశువులకు నత్తల ద్వారా ఈ జలగలు సంక్రమించడం డెల్టాలో మామూలే. గేదె బరువును బట్టి మందు తాగించి, ఆ తర్వాత పాలు ఎన్నాళ్లు వాడకూడదో అడిగి తెలుసుకున్నాము.

ఆ రోజు నుంచి దాణాలో పూటకు కొంత చొప్పున రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం కలిపాము. వరి కోసిన మాగాణిలో చల్లిన పిల్లిపెసరను, జొన్న చొప్పను కలిపి మేపాము. ఎండ వేళల్లో ఒంటి మీద నీళ్లు చల్లాము. ఈ దశలోనే రైతు ఓర్పు సడలుతుంది, ఎందుకంటే వారాల తరబడి మార్పేమీ పైకి కనిపించదు. మొదట వెంట్రుకలకు నునుపు వచ్చింది, తర్వాత పాలు కాస్త నిలకడకు వచ్చాయి. మరోసారి పరీక్షించినప్పుడు ఒక అండాశయం మీద, అండం విడుదలైన చోట ఏర్పడే కార్పస్ లూటియం చేతికి తగిలిందని డాక్టరు గారు చెప్పారు. అంటే గేదె లోలోపల ఎదకు వస్తూనే ఉంది, లక్షణాలే పైకి కనబడటం లేదు. గేదెల్లో, ముఖ్యంగా వేసవిలో, ఈ మూగ ఎద చాలా ఎక్కువ. చూడి లేదని రూఢి చేసుకున్నాకే ఆయన ఇంజెక్షన్ వేసి, మూడు నుంచి ఐదు రోజుల్లో ఎదకు రావచ్చునన్నారు.

గేదెకు ఎద తరచుగా చల్లని వేళల్లో, రాత్రి నుంచి తెల్లవారుజాము లోపు కనబడుతుంది కనుక, కోడి కూయక ముందే లేచి కొట్టంలోకి వెళ్లేదాన్ని. ఒక తెల్లవారుజామున దూడను వదిలినా పాలు చేపలేదు, మాటిమాటికీ కొద్దికొద్దిగా మూత్రం పోసింది. లైటు వేసి చూస్తే పడుకున్న చోట నేల మీద కోడిగుడ్డు తెల్లసొనలాంటి తీగ కనిపించింది. అందులో మడ్డిగాని చీము చారగాని లేదు. ఉంటే ఆ ఎదకు సూది (కృత్రిమ గర్భధారణ) వేయించకుండా ముందు చికిత్స చేయించాలి. ఉదయం ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు ఉదయం సూది వేయించాలన్న లెక్క ప్రకారం సాయంత్రానికి సూది వేసే ఆయనకు కబురు పెట్టాము. ఆయన వచ్చి మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలోని వీర్యపు గొట్టాన్ని తీసి, థర్మామీటరుతో సరిచూసిన 37 డిగ్రీల నీటిలో అర నిమిషం ఉంచి, తుడిచి, అప్పుడే వాడారు. మర్నాడు ఉదయం తీగలు ఇంకా ఉండటంతో రెండోసారి కూడా వేశారు.

ఇరవై ఒకటో రోజు చుట్టుపక్కల ఉదయం, సాయంత్రం జాగ్రత్తగా గమనించాము. మళ్లీ ఎద కనిపించలేదు. అయితే మూగ ఎద ఉన్న గేదె విషయంలో అదొక్కటే చూసి నిశ్చింతగా ఉండకూడదు. మూడో నెలలో చేయి పెట్టి చూసి చూడి నిలిచిందని డాక్టరు గారు చెప్పినప్పుడు ఇంటిల్లిపాదికీ పండగయింది. ఇప్పుడు తొమ్మిదో నెల నడుస్తున్నది. ఈనడానికి రెండు నెలల ముందే పాలు తీయడం మానేసి వట్టిపోనిచ్చాము, దాణా మాత్రం తగ్గించలేదు. పెయ్యదూడ పుడితే నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులో చూడి పశువులు ఈసుకుపోయేలా చేసే బ్రూసెల్లా జబ్బు రాకుండా టీకా ఒకసారి వేయించాలని డాక్టరు గారు ఇప్పటికే గుర్తు చేశారు.