ఫోన్ చేసిన తరువాత ఏం జరుగుతుందో కూడా చెప్పాలి

కెనడాలోని అంటారియో రాష్ట్రంలో మానసిక అనారోగ్యం గురించి నలుగురిలో మాట్లాడగలిగే స్థితి తేలికగా రాలేదు. టొరంటో క్వీన్ స్ట్రీట్‌లో 1850లో తెరిచిన పిచ్చాసుపత్రికి ఎంత అపఖ్యాతి వచ్చిందంటే, "999 క్వీన్" అన్న చిరునామాయే ఊళ్లో తిట్టుగా చెలామణి అయింది. చివరికి 1979లో ఆ నంబరును 1001గా మార్చారు. ఆనాడు రోగుల చేత కూలి ఇవ్వకుండా కట్టించిన ఇటుక గోడలు కొంతమేర ఇంకా నిలిచే ఉన్నాయి, ఆ ఆవరణలోనే ఇప్పుడు క్యామ్‌హెచ్ అనే మానసిక ఆరోగ్య ఆసుపత్రి నడుస్తోంది. 1918లో పుట్టిన కెనడా మానసిక ఆరోగ్య సంఘం 1951 నుంచి ఏటా మే నెలలో మానసిక ఆరోగ్య వారం జరుపుతోంది. సిగ్గుపడవద్దని, మనసులో మాట చెప్పుకోమని ఇటువంటి సంస్థలు దశాబ్దాలుగా చేసిన ప్రచారం వృథా పోలేదు, దాని మీద నాకు ఎంతో గౌరవం ఉంది.

అయితే, చెప్పుకున్న తరువాత ఏం జరుగుతుందో వివరించడంలో ఆ ప్రచారం ఇంకా వెనకబడే ఉంది. కాలేజీ వరండాల్లో కనిపించే పోస్టర్ల మీద సాధారణంగా ఒక ఓదార్పు మాట, ఒక ముఖం, అడుగున ఫోన్ నంబరు ఉంటాయి. అటువంటి పోస్టర్ ముందే మన తెలుగు విద్యార్థిని ఒకామె నన్ను అడిగింది: "అక్కా, దీనికి డబ్బులు కట్టాలా? కాలేజీకి చెప్పేస్తారా? పోలీసులు వస్తారా?" ఆ మూడింటిలో ఒక్కదానికీ పోస్టర్‌లో జవాబు లేదు.

జవాబులు లేక కాదు. 2023 నవంబరు 30న దేశమంతటా మొదలైన ఆత్మహత్యల నివారణ ఫోన్ నంబరు 9-8-8కు ఆత్మహత్య ఆలోచనలు వస్తున్నవారే కాక, వారి గురించి భయపడుతున్న ఇంటివాళ్లు కూడా ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, మెసేజ్ పంపవచ్చు. మాటలు గోప్యంగా ఉంటాయి. ప్రాణానికి తక్షణ ప్రమాదం ఉందనిపించినప్పుడు మాత్రం అత్యవసర సేవలను పిలుస్తారు. ఈ చివరి విషయాన్ని దాచిపెట్టకుండా ముందే చెబితే భయం పెరగదనీ, నమ్మకమే పెరుగుతుందనీ నేను గట్టిగా అనుకుంటున్నాను.

డబ్బు సంగతి మరింత చిక్కు. ఫ్యామిలీ డాక్టరు, సైకియాట్రిస్టు ఫీజులను అంటారియో ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన ఓహిప్ భరిస్తుంది, కానీ ప్రైవేటుగా సైకాలజిస్టు దగ్గరకు వెళితే ఖర్చు మనదే, లేదా ఉద్యోగంతో వచ్చిన బీమాది. విదేశీ విద్యార్థులకు సాధారణంగా ఓహిప్ వర్తించదు కనుక వారు తమ విద్యాసంస్థ ఇచ్చే బీమాను చూసుకోవాలి. దిగులు, ఆందోళనలతో బాధపడే వయోజనులకు రాష్ట్రం ఉచితంగా ఇప్పించే థెరపీ కార్యక్రమం ఒకటి ఉందని నాకు తెలిసిన ఎన్నో కుటుంబాలకు తెలియనే తెలియదు. ఎక్కడ ఏ సేవ దొరుకుతుందో చెప్పే కనెక్స్‌అంటారియో నంబరు 1-866-531-2600. అది కూడా ఉచితమే.

9-8-8లో ఇంగ్లీషు, ఫ్రెంచి భాషల్లోనే మాట్లాడతారు. పిల్లల దగ్గర ఉండడానికి వచ్చిన మన అమ్మానాన్నలకు ఆ రెండూ రాకపోవచ్చు. కాబట్టి స్థానిక మానసిక ఆరోగ్య సంఘాలు మన తెలుగు సంఘాలతో కూర్చుని, ఎవరు ఫోన్ ఎత్తుతారు, ఏం అడుగుతారు, ఎవరికి చెబుతారు, ఎంత ఖర్చవుతుంది అన్న వివరాలను తెలుగులో ఒక్క పేజీగా అచ్చువేయాలని, ఆ పేజీని గుడి నోటీసు బోర్డు మీదా కిరాణా కొట్టు కౌంటరు మీదా ఉంచాలని కోరుతున్నాను.