బ్యాటరీ రెండు వేళ్లు వెనక్కి జరిగితే

రిమోట్‌తో ఎగరేసే మా ఫోమ్ విమానం, చేతిలోంచి వదలగానే ముక్కు పైకెత్తేసింది. ఒక్క క్షణం గాల్లో ఆగి, ఎడమ రెక్క మీదుగా నేలకు.

"అన్నా, మోటార్ చాల్లేదా?" పొద్దున బెంగళూరు పక్కన హోసకోటె దగ్గర మైదానంలో కొత్తగా వచ్చిన తమ్ముడి ప్రశ్న.

మోటార్ బాగానే ఉంది. వెల్క్రో మీద బ్యాటరీ రెండు వేళ్లు వెనక్కి ఉంది, అంతే. మాది 2200 ఎంఏహెచ్ త్రీ సెల్ లైపో (లిథియం పాలిమర్ బ్యాటరీ), దాదాపు 180 గ్రాములు. కిలోలోపు ఫోమ్ విమానంలో అదే పెద్ద బరువు.

బరువు సరిగ్గా కుదిరిందో లేదో ఇలా చూడాలి: రెక్క వెడల్పు (ముందంచు నుంచి వెనకంచు దాకా) 20 సెంటీమీటర్లైతే, ముందంచు నుంచి 5–6 సెంటీమీటర్ల వెనక, రెండు రెక్కల కిందా వేలు పెట్టి ఎత్తండి. సమంగా నిలవాలి, లేదా ముక్కు కాస్త వాలాలి. తోక వాలితే ఎగరెయ్యకండి. ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) కొంచెం కదిపినా ముక్కు లేచిపోయి స్టాల్ అవుతుంది, అంటే రెక్కలు విమానాన్ని మొయ్యలేక పడిపోతుంది, అంత కిందుగా ఇక పట్టుకోలేం. బ్యాటరీ పెట్టాకే చూడాలి సుమా, ఖాళీ విమానాన్ని చూసి లాభం లేదు.

రిమోట్ మీద స్టిక్ కుడికి నెడితే కుడి ఐలెరాన్ (రెక్క వెనకంచున కదిలే పలక) పైకి లేవాలి. ఇది ఇంట్లో చూసేటప్పుడు ప్రొపెల్లర్ తీసెయ్యండి, దయచేసి.

ఎగరెయ్యడం మాత్రం జక్కూరు, యలహంక, హెచ్‌ఏఎల్ విమానాశ్రయాల చుట్టుపక్కల వద్దే వద్దు.

విరిగిన ముక్కుకి టేప్ వేశాం. బ్యాటరీ ఎక్కడుండాలో ఫోమ్ మీద మార్కర్‌తో గీత గీశాం.